బిడ్డ యేడ్పు విన్నవారు

పొరుగింట దెబ్బలు తినుచున్న బిడ్డ యేడ్పు వినినప్పుడు, “మనకెందుకు?” అని తలుపు మూసికొందువా?

1874లో న్యూయార్కు నగరమున మేరీ ఎలెన్ అను బాలికను పెంపుడు తల్లి ఘోరముగా కొట్టుచుండెను. పేదల యిండ్లు దర్శించు మెథడిస్టు పరిచారకురాలు ఎట్టా వీలర్ ఈ సంగతి ఇరుగుపొరుగువారి వలన వినెను. ఆమె ఊరకుండక, జంతుహింస నివారణ సంఘపు హెన్రీ బెర్గ్ సహాయముతో, న్యాయస్థానము ద్వారా ఆ బిడ్డను విడిపించెను.

నేడు అమెరికాలో అనేక కౌంటీల సంక్షేమోద్యోగులు బడులకును సంఘములకును వెళ్లి, హింసపడు బిడ్డల గురుతులు నేర్పుచున్నారు. ఏలయనగా, పొరుగువారు నోరు తెరువనిదే అధికారికి తెలియదు.

మన దేశములో 1098కి ఫోను చేయవచ్చును. బిడ్డను కాపాడుటకు చెప్పుమాట చాడీ కాదు, ప్రేమయే. పసివారిని చేరదీసిన ప్రభువు మనకు ధైర్యమిచ్చును గాక!