రోడ్డు ప్రక్క ఇనుప రెయిలింగు

హైవేల మలుపులయందును, ఎత్తయిన కట్టలమీదను, వంతెనల మొగదలను నిలిపియున్న ఇనుప రెయిలింగులను చదువరు లందరు నెరుగుదురు. నేను సైన్సు బోధించువాడను. ప్రతిదినమును మోటారు సైకిలుపై పాఠశాలకు వచ్చువాడను. కావున వానినిగూర్చి రెండు విధముల యోచించుట నాకు అలవాటైనది.

మడతలుగల ఉక్కురేకు నేలకు సుమారు 70 సెంటీమీటర్ల యెత్తున స్తంభములకు బిగింపబడి యుండును. కారు వచ్చి తాకినప్పుడు ఆ రేకు వంగి, వేగమును క్రమముగా హరించి, బండిని గోతిలో పడనీయక మరల దారివైపునకు త్రిప్పును. ఆగుటకు ఎంత యెడము దొరకిన దెబ్బ అంత తగ్గును. ఇది మన తరగతి పాఠమే.

మోటారు సైకిలువాని సంగతి వేరు. అతడు పడినచో బండిని విడిచి నేలమీద జారిపోవును. రేకు అతనికి పైన నుండిపోవును, ఎదురగునది స్తంభము. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 17 మీటర్లు. అంత వేగముతో జారివచ్చు మనుష్యునికి స్తంభము వంగి యెడమియ్యదు. నాయొద్ద చదివిన యువకుడొకడు మన పాఠశాలకు దిగువనున్న మలుపున ఇసుకపై ఇట్లే జారెను. హెల్మెట్టు అతని తలను కాపాడినది. స్తంభము తగిలి కాలు పోయినది. నేడతడు ఊతకర్రతో నడచుచున్నాడు.

2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములవారే. వీరందరును రెయిలింగులను తాకినవారు కారు. అయినను రోడ్డు నిర్మించువారు వీరిని మరువరాదని ఈ లెక్క తెలుపుచున్నది.

ఉపాయము కష్టమైనది కాదు. పై రేకు క్రింద, నేలకు దగ్గరగా, మరియొక రేకును బిగించినచో జారివచ్చువాడు స్తంభమును తాకక దానివెంబడి జారును. జర్మనీ, ఫ్రాన్సు, స్పెయిను దేశములలో ఇట్టివి గలవు. 2012లో ఐరోపాలో వెలువడిన పరీక్షావిధానము ననుసరించి మనుష్యాకారపు బొమ్మను గంటకు 60 లేక 70 కిలోమీటర్ల వేగముతో రెయిలింగువైపునకు జార్చి, తలకును మెడకును తగులు దెబ్బను కొలుతురు.

విద్యార్థులారా, మీలో కొందరు ముందు ఇంజనీర్లగుదురు. అప్పుడు కారులో కూర్చున్నవానితోపాటు నేలమీద పడినవానినిగూడ లెక్కలోనికి తీసికొనుడు. తల్లిదండ్రులారా, మలుపు రాకముందే వేగము తగ్గింపుడు. వెనుక కూర్చున్న బిడ్డకును హెల్మెట్టు పెట్టి పట్టీ బిగింపుడు. మన మలుపున క్రింది రేకు నమర్పవలెనని మీరు అధికారులకు విన్నపము వ్రాసినచో, దానిపై నేనును సంతోషముతో సంతకము చేయుదును.