ఇంటిని చూసి పిట్టను కొనాలి

పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తారు. అపార్టుమెంటు సంఘం ఒప్పుకోదు. పిల్లి అంటే నానమ్మ ఒప్పుకోదు. అక్వేరియం అంటే ఉత్త నీళ్ల చాకిరీ అని అమ్మ తేల్చేస్తుంది. ఆఖరికి అందరి మధ్యా రాజీగా ఇంటికొచ్చేది పిట్ట. గుప్పెట్లో పట్టే ప్రాణం, చిటికెడు గింజలు, ఇందులో ఆలోచించడానికేముంది అనిపిస్తుంది. కానీ ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నట్టు, ముందు ఇంటిని చూసుకున్నాకే పిట్టను చూడాలని నా వాదం.

పెంపుడు పిట్ట అనగానే మనకు మెదిలేది రామచిలుకే. వసారాలో పంజరం, అందులో పచ్చిమిరపకాయ కొరుకుతూ వచ్చినవాళ్లనల్లా పలకరించే చిలుక. ఆ ముచ్చట ఇప్పుడు కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టిన పాపానికే రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకునేవాళ్లం మనం. దుకాణంలో ఎవరైనా గొంతు తగ్గించి "చిలక పిల్లుంది సార్" అంటే ఆ కథ తలుచుకుంటే చాలు.

ఇక మిగిలినవి తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్న విదేశీ పిట్టలు. హైదరాబాద్ ముర్గీ చౌక్‌లో అడిగినా, మీ ఊరి దుకాణంలో అడిగినా, లవ్ బర్డ్స్ అని చూపించేవి చాలావరకు బడ్జీలే. వీటి సొంతూరు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త ఇంగ్లండుకు తీసుకెళ్లాక లోకమంతా పాకాయి. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. వాటికి ముక్కూ గట్టిదే, కోపమూ ఎక్కువే. జీబ్రా ఫించ్‌లు చేతి మీదికి రావు, జంటగా ఉంచి చూసి ముచ్చటపడాల్సిందే. కాకటీల్ మనిషికి బాగా మాలిమి అవుతుంది గానీ, పదిహేనేళ్లు బతకగలదు, ఈకల నుంచి తెల్లటి పొడి రాలుస్తుంది. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. మొదటిసారి పెంచేవాళ్లకు నా ఓటు బడ్జీకే.

దుకాణానికి వెళ్లగానే కళ్లు రంగుల మీద పడతాయి. కాస్త ఆగి, దూరంగా నిలబడి చూడండి. మనం దగ్గరికి వెళ్తే జబ్బు పిట్ట కూడా ఒళ్లు సర్దుకుని హుషారు నటిస్తుంది. నీరసం బయటపడితే వేటాడే జంతువు నోట పడాలి కదా! మిగతావన్నీ గోల చేస్తుంటే ఒకటి మాత్రం చలికి శాలువా కప్పుకున్న తాతలా ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుందా? ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతోందా? తోక కింద రెట్ట అంటుకుని ఉందా? వదిలేయండి. బడ్జీ వయసు నుదుటి మీదే కనిపిస్తుంది. నల్లటి చారలు ముక్కు దాకా దిగి ఉంటే ఇంకా మూడు నాలుగు నెలలు నిండని పిల్ల, త్వరగా మచ్చికవుతుంది. పెద్ద పిట్టకు ముక్కు పైనుండే మెత్తటి పట్టీ సాధారణంగా నీలంగా ఉంటే మగది, గోధుమరంగులో ఉంటే ఆడది.

ఇక ఇల్లు. పిట్టను బయటికి వదిలేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, అద్దాల కిటికీకి కర్టెన్ లాగాలి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పిట్ట ప్రాణం తీస్తుంది. అగరబత్తి, దోమల కాయిల్ పొగలూ పడవు. కాబట్టి పంజరం వంటింట్లోనూ వద్దు, దేవుడి గదిలోనూ వద్దు. పంజరానికి ఎత్తుకన్నా వెడల్పు ముఖ్యం. కమ్మీల మధ్య సందు అరంగుళం దాటకూడదు. తిండికి బెంగలేదు. కొర్రలు, సజ్జలు, కొత్తిమీర, పాలకూర అన్నీ మన బజారులోవే. షుగరు భయంతో మనం పొట్టు తీసిన కొర్రలు కొంటాం. పిట్ట మాత్రం పొట్టున్నవి తీసుకుని తానే ఒలుచుకుంటుంది. చిక్కల్లా ఇక్కడే. ఒలిచిన పొట్టు గిన్నెలోనే పడి, నిండా గింజలున్నట్టు కనిపిస్తుంది. ఒక్కసారి ఉఫ్‌మని ఊదితే అడుగు బయటపడుతుంది. కొత్తవాళ్ల ఇళ్లలో నిండు గిన్నె ముందే పిట్ట పస్తులుండేది అందుకే.

ఒకటి కొనాలా, రెండా? బడ్జీ గుంపులో బతికే పిట్ట. పగలంతా తాళం పడే ఇంట్లో దాన్ని ఒంటరిగా ఉంచడం శిక్షే. జతగా తెస్తే వాటి కబుర్లు వాటివే, మనతో మాటలు తక్కువ. కాలిఫోర్నియాలో పక్ అనే మగ బడ్జీ 1,728 మాటలు నేర్చి గిన్నిస్ పుస్తకానికెక్కింది. అందులో వందో వంతు పలకాలన్నా రోజూ పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఉండాలి. ఆ తీరిక ఎవరికుందో ఇంట్లో అడగండి. పిల్లలు అందరికన్నా ముందు చెయ్యెత్తుతారు. పరీక్షలొచ్చాక పంజరం కడిగే పని ఎవరి మీద పడుతుందో, ఆవిడను కూడా ఒక మాట అడిగి, ఆ తర్వాతే బజారుకు బయల్దేరండి.