చెట్లు పెట్టిన పేర్లు

జర్మనీలో రైలు ప్రయాణం చేసేటప్పుడు స్టేషన్ల పేర్లు చదువుకోవడం మంచి కాలక్షేపం. కొత్తవాడికి అవి నోరు తిరగని శబ్దాలే. కాని నాలుగు చెట్ల పేర్లు నేర్చుకున్నామా, వూళ్ళ పేర్లలోంచి తోపులు తొంగిచూస్తాయి.

‘లిండె’ అంటే హృదయాకారపు ఆకులూ, కమ్మని వాసన గల పూవులూ వుండే చెట్టు. బోడెన్ సరస్సులో దీవి మీద వెలసిన లిండావ్ పట్టణానికి ఆ చెట్టే పేరిచ్చింది. ‘బూఖె’ నున్నని బూడిదరంగు మాను గల అడవిచెట్టు. బూఖ్‌హోల్ట్స్ అనే వూళ్ళు ఎన్నో వున్నాయి. ‘బిర్కె’ మన భూర్జవృక్షానికి దాయాది. చెట్లే కాదు, ఆ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే!

ఇంటిపేర్లూ అంతే. మధ్యయుగాల్లో ఒకే వూళ్ళో పదిమంది హాన్స్‌లుంటే, ఏ హాన్స్ అని చెప్పుకోవడం? లిండె చెట్టు పక్కన కాపురమున్నవాడు లిండెమాన్ అయినాడు. అక్రోటు చెట్టున్న ఇంటివాడు నుస్‌బౌమ్. చెట్టు కూలినా పేరు మనుమలకు మిగిలింది. వూరి నడుమ లిండె కిందనే పూర్వం తగవులు తీర్చేవారు. పండుగనాడు దాని కిందనే ఆడిపాడేవారు.

ఈ సరదాతోనే వైమార్ చేరాను. మహాకవి గెటే 1775లో వచ్చి, 1832లో కన్నుమూసిన వూరు అది. వూరికి వాయవ్యంగా, ఆయన తరచు విహరించిన ఎట్టర్స్‌బెర్గ్ కొండ వుంది. 1937 జూలైలో నాజీలు దానిమీద నిర్బంధ శిబిరం తెరిచి, మొదట ఆ కొండ పేరే పెట్టారు. గెటేతో ముడిపడిన పేరు శిబిరానికి కూడదని వైమార్‌లోని నాజీ సాంస్కృతిక సంఘంవారు అభ్యంతరం చెప్పారు. శిబిరం వద్దనలేదు, పేరే వద్దన్నారు! అప్పుడు పెట్టిన పేరు బూఖెన్‌వాల్డ్ - బూఖె చెట్ల అడవి.

1945 ఏప్రిల్ దాకా అక్కడికి సుమారు 2,80,000 మందిని తెచ్చారు. 56,000 మంది చనిపోయారు.

శిబిరానికై అడవి నరికినప్పుడు ఒక్క ఓక్ చెట్టును మాత్రం వుంచారు. ఖైదీలు దానిని ‘గెటే ఓక్’ అనేవారు. 1944 ఆగస్టులో బాంబుల మంటలకు అది కాలిపోతే కొట్టేశారు. మొదలు ఇంకా వుంది. చూచి వచ్చాను.

తక్కిన వూళ్ళలో జనం చెట్టు నీడన బ్రతికి, దాని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ మాత్రం చేసే పనిని కప్పిపుచ్చడానికి చెట్టు పేరు తగిలించారు. చుట్టూ బూఖె చెట్లు ఇప్పటికీ పచ్చగానే వున్నాయి. కాని బూఖెన్‌వాల్డ్ అంటే ఎవరికీ చెట్లు గుర్తుకు రావు.