చెరిపివేసిన అంకె

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరమున జరిగిన ఒక చిన్న సంగతి నేటికిని నన్ను బాధించుచున్నది. ఎనిమిదవ తరగతి బాలురచే లోలకప్రయోగము చేయించుచుంటిని. నూరు సెంటీమీటర్ల లోలకము ఇరువది మారులు ఊగుటకు సుమారు 40 సెకండ్లు పట్టవలెను. ఒక బాలునకు రెండు మారులు 40 వచ్చి, మూడవ మారు 41 వచ్చినది. వాడు నా యొద్దకు వచ్చి, “మాస్టారూ! మరల రెండు సారులు చూచితిని. 41 సెకండ్లే పట్టుచున్నది” అనెను. గంట కొట్టు వేళ సమీపించినది. నేను విసుగుకొని, “నీవే లెక్క తప్పితివి. అది చెరిపి 40 అని వ్రాయుము” అంటిని. వాడు మారుమాటాడక అట్లే చేసెను.

సాయంకాలము సామగ్రి సర్దుచుండగా, ఆ లోలకపు దారము బిరడానుండి జారి నాలుగు సెంటీమీటర్లు పొడవైనట్లు కనుగొంటిని. పొడవు పెరిగినచో కాలమును పెరుగును. బాలుడు చూచినది సత్యము. నేను వ్రాయించినది అసత్యము. మరునాడు ఆ మాట చెప్పవలె ననుకొంటిని, అభిమానము అడ్డువచ్చినది. ఆ సంవత్సరమంతయు వాడు నన్ను మరియొక ప్రశ్న అడుగలేదు. వేసవిలో వాని తండ్రికి బదిలీ అయినది.

కొంతకాలమునకు జోసిలిన్ బెల్ చరిత్ర చదివినప్పుడు ఆ బాలుడే నా కన్నులయెదుట నిలిచెను. 1967లో ఆమె ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని. పొలములో స్తంభములు పాతి, తీగలు కట్టి నిర్మించిన రేడియో దూరదర్శినితో ఆకాశమును పరిశీలించుచుండెను. యంత్రము దినమునకు సుమారు నూరడుగుల కాగితముపై గీతలు గీయుచుండెడిది. అందు పావు అంగుళము మాత్రమే ఆక్రమించిన ఒక వింత గీత ఆమె కంటబడినది. కాగితమును వేగముగా నడిపి చూడగా, 1.33 సెకండ్ల కొకమారు తప్పక కొట్టుకొను నాడివలె నుండెను. అది మానవయంత్రముల అలజడి యని ఆమె గురువు మొదట తలంచెను. ఆమె మాత్రము దానిని విడువలేదు. ఆ సంవత్సరాంతమున వేరొక దిక్కున అట్టిదే మరియొకటి కనుగొనెను. అవియే పల్సారులు.

పల్సారు అనగా గిరగిర తిరుగు న్యూట్రాన్ నక్షత్రము. మహానక్షత్రము ఇంధనము తీరి పేలిపోవునప్పుడు, దాని గర్భము కుంగి సుమారు 20 కిలోమీటర్ల గోళముగా మిగులును. సూర్యునికంటె అధికమైన పదార్థము అందు ఇమిడియుండును. ఒక చెంచాడు పదార్థమే వందల కోట్ల టన్నులు తూగును. అది తిరుగుచు, రేవులోని దీపస్తంభమువలె, మనవైపు కిరణములు విసరును. 1054లో చైనా దేశీయులు పట్టపగలు సయితము 23 దినములు చూచిన క్రొత్త చుక్క అట్టి విస్ఫోటనమే. దాని శిథిలము నడుమ సెకండుకు సుమారు 30 మారులు తిరుగు పల్సారు కలదు. అది రేడియో తరంగములనే గాక ఎక్స్ కిరణములను, గామా కిరణములను గూడ వెదజల్లుచున్నది. ఈ కిరణములను మన వాయుమండలము అడ్డగించును. కావుననే 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్ ఉపగ్రహము పైకెగసి, ఆ పల్సారు ఎక్స్ కిరణములను పరిశీలించినది.

ఆ 1967లోనే మరియొక వింత జరిగినది. అణ్వస్త్ర పరీక్షలను కనిపెట్టుటకై అమెరికా పంపిన వేలా ఉపగ్రహములు, బాంబు పేలుడును పోలని గామా కిరణముల మెరుపు నొకదానిని గుర్తించినవి. ఆ లెక్కల నెవ్వరును పారవేయలేదు. పిమ్మట వానిని మరల చూచి, అది అంతరిక్షమునుండి వచ్చినదని గ్రహించి, 1973లో ప్రకటించిరి. మహానక్షత్రములు కూలునప్పుడును, రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఢీకొన్నప్పుడును అట్టి మెరుపులు పుట్టునని నేడు మన మెరుగుదుము.

బాలబాలికలారా! నాలుగు సెంటీమీటర్ల దారము జారుట నక్షత్రమును కనుగొనుటతో సమానము కాదు. కాని చూచినదానిని చూచినట్లు వ్రాయుట రెండింటికిని ఒక్కటే. ఇప్పుడు నా తరగతిలో ఎవ్వరును అంకెను చెరుపరు. ప్రక్కన గుర్తు పెట్టి, కారణము వెదకుదురు. ఆ బాలు డెక్కడ నున్నాడో నే నెరుగను. ఈ పుట వాని బిడ్డల చేతికైన వచ్చినచో, “మీ తండ్రి వ్రాసిన 41 సరియైనదే” యని ఈ మాస్టరు ఒప్పుకొనెనని చెప్పుడు.