బ్రేకర్ ట్రిప్ చేసిందెవరు?

మన దగ్గర ఇంగ్లీషు భూతకాలం అంటే గో-వెంట్-గాన్ పట్టికే. హైస్కూల్లో మూడు నిలువు వరసలు గీయించి బట్టీ పట్టించేస్తారు. అందులో ఈట్, డ్రింక్, స్లీప్ అన్నీ ఉంటాయి గానీ, రేపు సబ్‌స్టేషన్లో ఉద్యోగం చెయ్యబోయే కుర్రాడికి కావాల్సిన మాట ఒక్కటీ ఉండదు. ఆ తర్వాత నాలుగేళ్ళు ట్రిపుల్ఈ చదివినా ఆ లోటు ఎవరూ పూడ్చరు.

మా అక్క కొడుకు సంగతే చూడండి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్ అయ్యాక ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాడు. షిఫ్టు దిగే ముందు జరిగినదంతా లాగ్‌బుక్కులో ఇంగ్లీషులో రాయాలి. ఒక రాత్రి ఓవర్‌లోడ్ వల్ల ఒక మోటారు బ్రేకర్ దానంతటదే ట్రిప్ అయింది. వీడు "ద బ్రేకర్ వాజ్ ట్రిప్ట్" అని రాసి ఇంటికెళ్ళి పడుకున్నాడు. పొద్దున్నే మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరు ట్రిప్ చేశారు?" అని! ఆ టైములో అక్కడున్నది వీడొక్కడే. సంజాయిషీ రాసిమ్మన్నారు. ఆ సంజాయిషీ కూడా ఇంగ్లీషులోనే మరి. "ఐ డిడ్ నాట్ ట్రిప్ట్" అని రాశాట్ట. రిలే రికార్డు చూశాక వదిలేశారనుకోండి, కానీ పర్మనెంట్ చేస్తారో చెయ్యరో అన్న బెంగ మాత్రం పట్టుకుంది. "మావయ్యా, నాకు సబ్జెక్టు వచ్చు. చెప్పడమే రావట్లేదు" అన్నాడు ఫోన్లో.

నేనూ ట్రిపుల్ఈ చదివి సాఫ్ట్‌వేర్లోకి దూకినవాణ్ణే. సరే, నాకు శనివారం పొద్దున్న, వాడికి సాయంత్రం, ఫోన్లోనే పాఠాలు మొదలెట్టాం. గ్రామర్ పుస్తకం పక్కన పడేసి, జరిగింది ముందు తెలుగులో చెప్పమన్నాను. "ట్రిప్ అయింది" అన్నాడు. హమ్మయ్య, సగం పాఠం అయిపోయినట్టే! 'అయింది' అంటే దానంతటదే: ద బ్రేకర్ ట్రిప్ట్. 'చేశారు' అంటే ఎవరిదో చెయ్యి పడింది: వాజ్ ట్రిప్ట్. ఆ చేసింది రిలే అయితే 'బై ద రిలే' అని తోక తగిలించాల్సిందే, లేకపోతే అనుమానం మనిషి మీదకి పోతుంది. వోల్టేజి పెరిగింది అంటే రోజ్, పెంచాం అంటే రెయిజ్డ్. పెరుగు-పెంచు, ఆగు-ఆపు, కాలు-కాల్చు... ఈ తేడా మనకి ఉగ్గుపాలతోనే వచ్చేసింది. ఇంగ్లీషులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏ మాట ఏ గూట్లో పడుతుందన్నదే.

'డిడ్ నాట్' కూడా అంతే. "ట్రిప్ అయింది లేదు" అని మనం ఎప్పుడైనా అంటామా? "ట్రిప్ అవలేదు" అంటాం. అయిపోయిన కాలమంతా ఆ 'లేదు'లోనే ఉంది, మళ్ళీ 'అయింది' అక్కర్లేదు. డిడ్ నాట్ ట్రిప్. ఇది చెప్పగానే, "అంతేనా!" అన్నాడు. ఇన్నేళ్ళూ ఏ మాస్టారూ తెలుగు వైపు నుంచి ఎందుకు చెప్పలేదో నాకైతే అర్థం కాదు. క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైను వేసే కాలేజీల్ని ఏమనాలో కూడా తెలీదు.

అసలు చిక్కు 'హ్యాడ్'తో వచ్చింది. మనవాళ్ళకి 'హ్యాడ్' అంటే తగని మోజు, నిన్న టిఫిన్ తిన్నా 'హ్యాడ్ ఈటెన్' అంటారు. దానికి 2003 ఆగస్టు 14న అమెరికాలో, కెనడాలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయిన సంగతి పనికొచ్చింది. ఇక్కడ ఒహాయోలో ఉన్న కంట్రోల్ రూములో మధ్యాహ్నం 2:14కి అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. అక్కడివాళ్ళకి ఆ సంగతి తెలీదు. 3:05కి వాళ్ళ 345 కెవి లైనొకటి వేలాడి చెట్టుకి తగిలి ట్రిప్ అయింది. 3:32కి ఇంకోటి, 3:41కి మూడోది. అలారం మోగలేదు. 4:05 దాటాక ఇక ఎవరి చేతుల్లోనూ లేదు. దీని మీద రెండు దేశాలూ కలిసి 2004 ఏప్రిల్లో వేసిన నివేదిక నిమిషాల లెక్కన నడుస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అందులో అసలు విషయం. మొదటి లైను పోయేసరికి అలారం 'అప్పటికే' పోయింది: హ్యాడ్ ఫెయిల్డ్. వాక్యంలో 'అప్పటికే' పడితేనే 'హ్యాడ్' వెయ్యరా, లేకపోతే ముట్టుకోకు అని చెప్పాను.

రెండు వారాల తర్వాత వాడు లాగ్‌బుక్కులో రాసింది చదివి వినిపించాడు. "ఐ ట్రిప్ట్ ద బ్రేకర్ బికాజ్ ద ఆయిల్ టెంపరేచర్ హ్యాడ్ రిజెన్." ఈసారి నిజంగానే చేసింది వాడే, 'ఐ' అని ధైర్యంగా రాశాడు. ఈ పాఠాల్లో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క అక్షరమే.

ఇక మాటల సంగతి. ఫ్యూజు బ్లూ, ఫీడర్ ఫెడ్, మోటారు కరెంటు డ్రూ. షెడ్, కట్, షట్ ఏ కాలంలోనైనా మారవు, వాటితో గొడవే లేదు. వైండ్ చేసిన కాయిల్ 'వౌండ్'. దాన్ని 'వూండ్' అని పలికితే గాయమవుతుంది. మా క్లాసులో నాలుగేళ్ళూ అందరం రోటార్‌కి గాయం చేసినవాళ్ళమే లెండి! మావాడు వీటన్నిటికీ ఒక నోట్‌బుక్కు పెట్టాడు. మొన్న, "కరెంటు పోయింది అన్నది ఏ పేజీలో రాయాలి మావయ్యా?" అని అడిగాడు. "పవర్ వెంట్ అవుట్ అని పి దగ్గర రాయి. సి దగ్గర కరెంట్ అంటే ఆంపియర్లే" అన్నాను. రెండు చోట్లా రాసుకున్నాట్ట.