సగం తడిసే పొడి

సబ్బు చుక్క కూడా వేయకుండా, ఉత్త పొడితో నూనెనూ నీటినీ కలిపి ఉంచుతున్నారని విని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు వెళ్లాను.

బల్ల మీద మూడు సీసాలు. మూడింటిలోనూ సన్నటి సిలికా పొడే. మొదటిది నీటిలో ఇట్టే తడిసిపోతుంది. మూడోది నీటిని అసలు అంటనివ్వదు. మధ్యదానికి అటూ ఇటూ కాని పూత. పరిశోధక విద్యార్థిని ఒక్కో పొడినీ నూనె, నీళ్లలో వేసి హోమోజెనైజర్‌తో గిర్రున తిప్పింది. మొదటిదీ మూడోదీ కాసేపటికే విడిపోయాయి. మధ్యది మాత్రం తెల్లగా, చిక్కగా నిలిచింది.

"రేణువు సగం నీటిలో, సగం నూనెలో తడవాలండీ. అప్పుడే సరిహద్దులో కూర్చుంటుంది," అందామె. పది నానోమీటర్ల వ్యాసార్ధమున్న రేణువు అలా కూర్చుందంటే, దాన్ని పెకలించడానికి అణువుల వేడి కదలికకున్న శక్తికి వేల రెట్లు కావాలట. సబ్బు అణువులు వస్తూ పోతూ ఉంటాయి. ఇవి కదలవు.

సూక్ష్మదర్శినిలో చూస్తే నూనె బొట్లు ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. పొడి పిండి అద్దిన చపాతీ ఉండల్లా, తగులుతున్నా అంటుకోవడం లేదు. రేణువు కాస్త నీటి వైపు మొగ్గితే నీటిలో నూనె బొట్లు ఏర్పడతాయి, నూనె వైపు మొగ్గితే నూనెలో నీటి బొట్లు. ఏది అయిందో తేల్చడానికి ఆమె ఒక చుక్క తీసి నీటిలో వేసింది. పాలలా పరుచుకుంది. అంటే బయట ఉన్నది నీరే.

ఈ సంగతిని 1903లోనే రామ్స్‌డెన్ గమనించినా, పేరు మాత్రం 1907లో దీని మీద రాసిన పికరింగ్‌కు దక్కింది. ఆయన ఇంగ్లండ్‌లో పండ్లతోటల మందులు పరీక్షించేవాడు. మైలుతుత్తం, సున్నం కలిస్తే ఏర్పడే మడ్డి పారఫిన్ నూనెను నీటిలో నిలిపి ఉంచడం చూశాడు. మన రైతులు చల్లే బోర్డో మిశ్రమం కూడా ఆ రెండింటితో చేసేదే.

పక్క బల్ల దగ్గర పని తలకిందులు. నూనె బావుల్లోంచి వచ్చే ముడిచమురులో బంకమట్టి, ఆస్ఫాల్టీన్ రేణువులు నీటి బొట్లను ఇలాగే పట్టి ఉంచుతాయి. శుద్ధికి ముందు ఆ నీటిని వదిలించాలి. "ఎలా?" అన్నాను. ఆ రేణువులు పూర్తిగా ఒక వైపే తడిసేలా చేసే మందు వేస్తామన్నాడు అక్కడి కుర్రాడు. సగం తడి పోతే సరిహద్దులో రేణువుకు పట్టు పోతుంది, నీరు అడుక్కి దిగుతుంది.