పది అంగుళాల వాడ



ఈ వారం రైలు బొమ్మ గురించి రాస్తున్నా. నవ్వకండి, చివరిదాకా చదవండి.

మా అక్క కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాడూ నేనూ కలిసి ఇంట్లో 12 అడుగుల చెక్క బల్ల మీద డోర్నకల్–భద్రాచలం రోడ్ బ్రాంచి లైను నమూనాకు ప్లాను గీస్తున్నాం. భద్రాచలం రోడ్ అంటే కొత్తగూడెం స్టేషనే. మా తాత అక్కడి గనుల్లో కోల్ ఫిల్లర్. కాబట్టి ఆ లైను మాకు చుట్టం.

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ గుర్తించాడు. ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వే హక్కు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో ఆ కంపెనీ స్థానంలో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఈ చరిత్రలో కింగ్ పేరుంది, కంపెనీ పేరుంది. తట్ట మోసినోళ్ల పేర్లు లేవు.

ఇక లెక్క. మేం ఎంచుకున్న కొలత 1:87. సుమారు 55 కిలోమీటర్ల లైను ఆ కొలతలో 600 మీటర్లు దాటుతుంది. మాకున్నది నాలుగు మీటర్లకు తక్కువ. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ ఒక్కోటి 12 సెంటీమీటర్లు వస్తుంది. అసలు బండికి యాభైకి పైగా వ్యాగన్లుంటాయి, మేం పదితో సరిపెట్టాం. ఖాళీ బండి బంకరు కిందికి పోయి గోడ చాటుకు వెళ్తుంది. అక్కడ దాచిన నిండు బండి బయటికొస్తుంది. అంటే మా బల్ల మీద బొగ్గు ఎప్పుడూ బయటికే పోతుంది. అసలు లైను మీద జరిగేదీ అదే.

నమూనా అంటేనే కోత. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదే అసలు పని. అల్లుడి మొదటి ప్లానులో స్టేషను, బంకరు, ఆఫీసర్ల బంగ్లా ఉన్నాయి. ఫిల్లర్ల క్వార్టర్లు లేవు, పట్టాల పక్క వాడ లేదు. "జాగా లేదు మామా" అన్నాడు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినోణ్ణి, ఈ మాట నాకు కొత్త కాదు. ఊరి మీద రాసిన ఎన్నో నవలల్లో వాడకు దొరికింది ఒక్క వాక్యం. అక్కడా జాగా లేదనే అన్నారు.

ఈ హాబీలో అనుభవమున్న ఒక పెద్దాయన ప్లాను చూసి, "బొమ్మల్లో కూడా కులమా సార్?" అన్నాడు. బంగ్లా పెట్టినప్పుడు ఆయనకు ఆ ప్రశ్న రాలేదు. క్వార్టరు పెడదామంటేనే వచ్చింది.

మేం మళ్లీ కొలిచాం. వాడకు పది అంగుళాలు కావాలంటే లూపు లైను కురచ కావాలి, రెండు వ్యాగన్లు పోవాలి. ఎనిమిది వ్యాగన్ల బండి చిన్నగా కనిపిస్తుందని వాడు రెండు రోజులు అలిగాడు. తర్వాత వాడే రబ్బరు తీసుకుని లూపు చెరిపాడు.

ఈ కొలతలో ఐదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లు. షిఫ్టు దిగి వస్తున్న ఫిల్లరు, పట్టాల వెంట నడుస్తున్న కీమ్యాన్, రాలిన బొగ్గు ఏరుకునే అమ్మ — ముగ్గురూ అంతే ఉంటారు. బంగ్లా దొర కూడా అంతే ఉంటాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీరు థీసిస్ రాసినా, సినిమా తీసినా, మ్యాపు గీసినా "జాగా లేదు" అనే మాట వినపడుతుంది. అప్పుడు స్కేలు పట్టుకోండి. ఎవరి జాగా ఎంతో కొలవండి. తగ్గించాల్సింది వ్యాగన్లనా, మనుషులనా అని అడగండి.